నా బదులు వెళ్ళొచ్చిన ఆవిడ

మా వార్డులో యాభై నాలుగు మంది ఆడవాళ్ళకు రొమ్ము పరీక్ష చేశారు. అందులో ఏడుగురిని రెండోసారి రమ్మన్నారు. ఆ ఏడుగురి పేర్లూ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆరో పేరు నాది. ఏడో పేరు మా తోటికోడలు వెంకాయమ్మది.

నేను ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక కూడా నరసరావుపేటలోనే ఉండిపోయాం, నేనూ మా ఆయనా. తలనొప్పి వచ్చినా ఏ రోజు వచ్చింది, ఏ రోజు పోయింది కేలండర్ మీద రాయడం నా అలవాటు. అందుచేత ఈ జబ్బు గురించి నేను చెప్పే తేదీలు జ్ఞాపకం మీద చెప్పేవి కావు, కేలండర్లు ముందు పెట్టుకుని రాస్తున్నవి. కేలండర్ మీద నేను రాయని విషయం ఒక్కటి ఉంది. అది చెప్పడానికే ఇదంతా.

2020 ఫిబ్రవరి 15, శనివారం. గుంటూరు నుంచి ఒక ఆస్పత్రివాళ్ళు పరీక్షల బస్సు తెచ్చి మా వార్డు కమ్యూనిటీ హాలు ముందు ఆపారు. ఆశా కార్యకర్త మల్లీశ్వరి పొద్దున్నే మా ఇంటికి వచ్చింది.

"టీచర్‌గారూ, పేర్లు మీరు రాయండి. మీరు కూర్చుంటే మిగతావాళ్ళు సిగ్గుపడకుండా వస్తారు" అంది.

వెంకాయమ్మ మా మరిది భార్య. ఎదురిల్లే. నాకంటే పదేళ్ళు చిన్న. బొల్లాపల్లి దగ్గర వాళ్ళకు మిరప చేను ఉంది. ఆ రోజు కోత ఆపి మరీ వచ్చింది, ముక్కుకూ మూతికీ కట్టుకున్న గుడ్డ విప్పకుండానే. "ఈ వయసులో నన్నెవరు చూస్తారులే అనుకున్నా అక్కా. చూసేదానికి బస్సేసుకొని వచ్చారు" అని బస్సులో ఉన్న నర్సులనందరినీ నవ్వించింది.

లోపల డాక్టరమ్మ నాకు చెప్పింది ఇంతే: "ఎడమవైపు చిన్న గట్టిదనం తగులుతోంది. ఇలాంటివి చాలావరకు ఏమీ కావు. అయినా గుంటూరు వచ్చి పెద్ద మిషన్ మీద చూపించుకోవాలి." వెంకాయమ్మకు కుడివైపు. ఇద్దరికీ ఒకే తేదీ ఇచ్చారు. మార్చి 26, గురువారం. నలభై రోజులు. కేలండర్‌లో ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. బస్సులు ఆగాయి, అంగళ్ళు మూశారు. మార్చి 26న నేను ఆరింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాను.

"ఏమే, ఎక్కడికి తయారయ్యావు? బయట కాకి కూడా లేదు" అన్నారు మా ఆయన.

"ఎక్కడికీ లేదండీ. తేదీ ఇవాళ."

తొమ్మిదింటిదాకా కూర్చున్నాను. ఆ మూడు గంటల్లో వీధిలో ఒక్క మనిషి నడవలేదు. అవతలి సందులో ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు మా వరండాలోకి వినిపించింది. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. అంత దూరంనుంచి గిన్నె చప్పుడు వినడం అదే మొదలు.

ఏప్రిల్‌లో మా వార్డు రెడ్ జోన్ అయింది. వీధికి రెండు కొసలా వెదురు బొంగులు అడ్డంగా కట్టారు. రోజూ ఒక ఆటో మైకుతో తిరిగేది. ఒకే గొంతు, ఒకే మాటలు, ఇళ్ళల్లోనే ఉండండి అని. మాకు మూడో ఇంట్లో ఉన్న భార్యాభర్తలిద్దరినీ అంబులెన్సులో తీసుకుపోయి, ఇంటికి తాళం వేసి, తలుపుకు కాయితం అంటించారు. వాళ్ళ పెరట్లో తీగ మీద ఒక లుంగీ, ఒక ఆకుపచ్చ చీర ఆరేసి ఉన్నాయి. అవి ఎండాయి, వానకు తడిశాయి, మళ్ళీ ఎండాయి. పంతొమ్మిది రోజులు. గాలికి చీర కుచ్చెళ్ళు ఊగుతుంటే ఎవరో అటు తిరిగి నిలబడ్డట్టుండేది. వాళ్ళిద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు. ఆవిడ చీర తీయబోతే తీగ మీద ఉన్న మడత దగ్గర చిరిగి చేతిలోకి వచ్చింది.

ఆస్పత్రినుంచి ఫోనుకు మెసేజీలు వచ్చేవి. మీ తేదీ ఏప్రిల్ 16కు మార్చాం. మీ తేదీ మే 14కు మార్చాం. తర్వాత, తేదీ మళ్ళీ తెలియజేస్తాం. వచ్చిన ప్రతిసారీ పాత గడి కొట్టేసి కొత్త గడి చుట్టూ గీసేదాన్ని. వెంకాయమ్మ తన భర్త నంబరు ఇచ్చింది, అతను మెసేజీలు తెరిచి చూసే మనిషి కాదు.

మా వైపు ఆడవాళ్ళం చిన్న పర్సు రవికలో ఎడమవైపు దోపుకుంటాం. ఫోన్లు వచ్చాక ఫోనూ అక్కడికే చేరింది. ఆ రోజుల్లో ఎవరికి ఫోను చేసినా ముందు ఎవరో దగ్గేవాళ్ళు, తర్వాత జాగ్రత్తలు చెప్పేవాళ్ళు. అది రికార్డు చేసి పెట్టిన దగ్గు అని తెలుసు. అయినా ఫోను చెవిదాకా తెచ్చేలోపు, రొమ్ము దగ్గరే, నా ఒంట్లోనుంచి ఎవరో దగ్గినట్టుండేది.

ఒకరోజు ఫోను తీస్తుంటే వేలికి తగిలింది. డాక్టరమ్మ చెప్పిన చోటే. శనగగింజంత. చల్లగా ఉందనిపించింది, ఒంట్లో భాగం చల్లగా ఎందుకుంటుంది అనుకున్నాను. ఫోను ఒత్తుకుని కాయకాసి ఉంటుందని తీర్మానించాను. ఫోను కుడివైపుకు మార్చాను. ప్రభుత్వం ఇరవై ఒక్క రోజులు అన్నది కదా, నేనూ దానికి ఇరవై ఒక్క రోజులు గడువిచ్చాను. గడువు అయిపోయింది. అది పోలేదు. ఇంకో ఇరవై ఒకటి ఇచ్చాను. లెక్కలు చెప్పినదాన్ని. జవాబు రాలేదని లెక్కను మళ్ళీ మళ్ళీ మొదటినుంచి చేస్తూ కూర్చున్నాను.

మల్లీశ్వరి వారానికి రెండుసార్లు గేటు అవతల నిలబడి అడిగేది. "జ్వరముందా టీచర్‌గారూ? దగ్గుందా? ఆయాసముందా?"

"లేదు. లేదు. లేదు."

మూడూ నిజమే. అడిగినదానికే జవాబు రాయండి, అదనంగా రాయకండి అని ముప్పై మూడేళ్ళు పిల్లలకు చెప్పాను. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

జూన్ 8న బొంగులు విప్పారు. నేను గుంటూరు వెళ్ళలేదు. మా ఆయనకు షుగరు, ఆస్పత్రినుంచి ఏం పట్టుకొస్తానో అన్న భయం. వెళ్తే ముందు కరోనా పరీక్ష చేసి, ఉందంటే ఎక్కడికో పంపించేస్తారని ఇంకో భయం. ఇవన్నీ పైకి చెప్పుకోదగిన భయాలు. అందుకే వాటిని చెప్పుకుంటూ కాలం గడిపాను.

ఆగస్టు 20, గురువారం. మధ్యాహ్నం ఒక మెసేజీ వచ్చింది. ఇంగ్లీషులో. మీ రెండో పరీక్ష పూర్తయింది, వచ్చినందుకు కృతజ్ఞతలు, మా సేవ ఎలా ఉందో తెలియజేయండి. కింద అయిదు నక్షత్రాలు. పైన నా పేరు, నా వయసు, నా ఫైలు నంబరు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను వెళ్ళలేదు, అదొక్కటే తేడా.

మూడుసార్లు చదివాను. ఆ ఫోను బల్ల మీద పెట్టి కొంచెం దూరంగా జరిగి కూర్చున్నాను.

అప్పుడే వెంకాయమ్మ పెరటి దారిన గోంగూర కట్ట తీసుకుని వచ్చింది. బల్ల మీద వెలుగుతున్న ఫోను చూసింది.

"ఏందక్కా అట్టా ఉన్నావు? ఎవురికన్నా ఏమన్నా అయిందా?"

"లేదు. ఆస్పత్రినుంచి మెసేజీ."

"ఏమని?"

"పరీక్ష అయిపోయిందని."

"పోయొచ్చావా? నాకు చెప్పకుండా పోయొచ్చావా?" అంటూ కూర్చుంది. "సరేలే, ఈ రోజుల్లో ఎవురి తంటా వాళ్ళది. ఏమన్నారు?"

తరగతిలో రాని పిల్లవాడికి నేను ఏనాడూ హాజరు వేయలేదు. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజున కూడా వేయలేదు, హెడ్మాస్టరు అడిగినా వేయలేదు. ఆ నేనే వెంకాయమ్మ ముఖంలోకి చూస్తూ చెప్పాను.

"ఏమీ లేదన్నారు."

వెంకాయమ్మ గుండెల నిండా గాలి పీల్చి వదిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు వినబడుతుంది. "హమ్మయ్య. నీకే లేకపోతే నాకేముంటది? ఇద్దరికీ ఒక్క మాటే చెప్పింది గదా ఆయమ్మ. మిరపకాయల వేడికి నాది గట్టిపడుంటదిలే. ఇంక నేను పోను" అంది. గోంగూర అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఆమెను వెనక్కి పిలవడానికి నాకు గుమ్మందాకా సమయం ఉంది. పెరట్లో పన్నెండు అడుగులు. తర్వాత వీధి దాటేదాకా. పిలవలేదు.

ఆ రోజునుంచి ఇంట్లో ఇంకొకామె ఉన్నట్టయింది. నా పేరుతో ఆస్పత్రికి వెళ్ళి, నా బదులు ఆ మిషన్ ముందు నిలబడి, ఏమీ లేదనిపించుకుని వచ్చిన ఆవిడ. మా ఆయన అడిగితే, ఏమీ లేదని ఆస్పత్రినుంచి మెసేజీ వచ్చిందని ఆవిడ మాటే చెప్పాను. స్నానానికి వెళ్ళినప్పుడు అద్దం మీద తువ్వాలు వేసేదాన్ని. ఆవిడ ఒళ్ళు బాగుంది, నా ఒళ్ళు బాగాలేదు, ఇద్దరం ఒకే చీరలు కట్టుకుంటున్నాం అనిపించేది. పిచ్చి ఆలోచన అని తెలుసు. కానీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు నిద్ర పట్టింది.

చలికాలం వచ్చింది, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. కేలండర్ చూసి చెప్తున్నాను, అక్టోబరునుంచి మార్చిలోపు పదకొండుసార్లు ఊరు దాటాను. మాచర్ల వెళ్ళాను, దుర్గి వెళ్ళాను, కోటప్పకొండ ఎక్కాను. గుంటూరుకే రెండుసార్లు, పెళ్ళి చీరలకు. రెండోసారి మా ఆటో ఆ ఆస్పత్రి ముందునుంచే పోయింది. అద్దాల తలుపు తోసుకుని ఒకామె బయటికి వస్తోంది. నా ఒడ్డూ పొడుగూ, బూడిదరంగు చీర, చేతిలో ఫైలు, ముఖానికి మాస్కు. మెట్ల మీద ఆగి రోడ్డుకేసి చూసింది. ఆటో మలుపు తిరిగేదాకా నేనూ చూశాను. ఆమె ఎవరో నాకు తెలియదు. ఇంటికొచ్చేదాకా నా కుడి చెయ్యి ఎడమ చంక కిందనుంచి తీయలేదు.

2021 జూన్ 17. కరోనా టీకా రెండో డోసుకు వెళ్ళాను. నర్సు చిన్నపిల్ల, ముప్పై ఏళ్ళుండవు. "ఎడమ చెయ్యి ఎత్తమ్మా" అంది. నా చెయ్యి సగందాకా లేచి ఆగింది.

"మొదటి సూదికి వాచిందమ్మా, చంకలో" అన్నాను.

"మొదటిది ఎప్పుడేయించుకున్నారు?"

"ఏప్రిల్ 20."

ఆ పిల్ల సూది పక్కన పెట్టింది. వేళ్ళతో చంక కింద, తర్వాత రవిక అంచు దాకా తడిమింది. బయట వరసలో ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారు. అయినా లేచి నన్ను లోపలి గదిలోకి నడిపించుకెళ్ళి, కుర్చీ వేసి, తన సీసాలోని నీళ్ళిచ్చింది. "ఇది సూది వాపు కాదమ్మా. మీకు కూడా తెలుసు గదా" అంది నెమ్మదిగా. పది నెలల్లో నన్ను అడగాల్సిన మాట అడిగింది ఆమె ఒక్కతే. తల ఊపాను.

జూన్ 24, గురువారం, గుంటూరు. హాల్లో కుర్చీలన్నీ వరసగా ఉన్నాయి. ఒకటి విడిచి ఒకటి ఇంటూ గుర్తు వేసి, ఇక్కడ కూర్చోరాదు అని అంటించారు. కూర్చున్నవాళ్ళకంటే ఆ ఖాళీలు ఎక్కువ కనబడ్డాయి. ప్రతి మనిషి పక్కనా రాని మనిషి ఒకరు కూర్చున్నట్టుంది. మైకులో నంబర్లు పిలుస్తున్నారు. చాలా నంబర్లకు ఎవరూ లేవడం లేదు. కాసేపు ఆగి తర్వాతది పిలుస్తున్నారు.

కౌంటరులో అమ్మాయి నా నంబరు కొట్టి చూసింది.

"మీది అయిపోయిందమ్మా. పోయినేడు ఆగస్టులో వచ్చెళ్ళినట్టుంది."

"నేను రాలేదమ్మా."

"వచ్చినట్టే ఉందండీ ఇక్కడ."

"ఉంటుంది. నేను రాలేదు."

"మరెవరొచ్చారు?" అంది ఆ అమ్మాయి, తెర మీదనుంచి కళ్ళు తీయకుండా. పక్కనున్న పెద్దామె వచ్చి చూసి, "పాత తేదీలన్నీ ఒకేసారి మూసేశారులే, మెసేజీలు వాటంతటవే వెళ్ళుంటాయి. కొత్తది తెరువు" అంది. నా బదులు వెళ్ళొచ్చిన ఆవిడ అంతటితో పోయింది. ఇక నా ఒళ్ళు నాకే మిగిలింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "ఇంత ఆలస్యం ఎందుకయిందమ్మా?" అంది.

"లాక్‌డౌన్ కదమ్మా."

"మేం పోయినేడు జూన్‌లోనే తెరిచాం." కోపంగా అనలేదు. రోజూ అదే చెప్పి అలిసిపోయిన మనిషిలా అంది. "మీలాగే వస్తున్నారు అందరూ. రావాల్సినప్పుడు రాక."

బయట కూర్చుని ఫైలు వెనక లెక్క వేశాను. 2020 మార్చి 26నుంచి 2021 జూన్ 24కు నాలుగువందల యాభై అయిదు రోజులు. జూన్ 8న బొంగులు విప్పేదాకా లాక్‌డౌన్‌వి డెబ్బై నాలుగు. రెండోసారి కర్ఫ్యూ పెట్టినవి నలభై ఆరు. నూట ఇరవై తీసేస్తే మూడువందల ముప్పై అయిదు. ఆ నూట ఇరవై కరోనావి. ఈ మూడువందల ముప్పై అయిదూ నావి. రెండుసార్లు సరిచూసుకున్నాను.

క్యాన్సరేనని జూలై 2న చెప్పారు. చంకలోకి పాకింది. మర్నాడు వెంకాయమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది, కారప్పొడి, సున్నుండలు పట్టుకుని. నా పక్కన కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది.

"పోయినేడు బాగానే ఉందన్నారు గదక్కా. ఏడాదిలో ఎట్టా వచ్చింది మాయదారిది?"

నాకు ఆపరేషన్ అంటే భయం వేయలేదు. ఈ ప్రశ్నకు భయపడ్డాను.

"పోయినేడు నేను వెళ్ళలేదు వెంకాయమ్మా. నీతో అబద్ధం చెప్పాను."

ఆమె చెయ్యి నా మోకాలి మీదే ఉంది. కాసేపటిదాకా తీయడం కూడా మర్చిపోయింది. తర్వాత ఆ చెయ్యి తన కుడివైపు రొమ్ము మీదికి వెళ్ళింది.

"మరి నాదో?" అంది.

ఆమెకు పరీక్ష జూలై 8న చేశారు. ముక్క తీసి పంపారు. జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. మధ్యలో పదమూడో తేదీన నాకు ఆపరేషన్ జరిగింది. మత్తు వదిలాక మా ఆయనను మొదట అడిగింది వెంకాయమ్మ రిపోర్టు గురించే. ఆ పదకొండు రోజుల్లో నాకు దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు. చెప్పిన అబద్ధం నిజం చెయ్యమని ఏ ముఖంతో అడుగుతాం?

19న వచ్చింది. ఏమీ లేదు. మామూలు గడ్డ, ఏటా చూపించుకుంటే చాలు. మా మరిది వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళాడు. వెంకాయమ్మ రాలేదు.

నాలుగు నెలలు రాలేదు. మందులు ఎక్కించుకునే రోజుల గురించి ఎక్కువ రాయను. నోట్లో ఇత్తడి రుచి, దిండు మీద జుట్టు, నాకు వినబడకూడదని మా ఆయన కుళాయి తిప్పి ఏడవడం. వార్డులో పక్క మంచం ఆమె గురజాల మనిషి. వాంతి వచ్చినప్పుడల్లా తన సూది ఉన్న చేత్తోనే నా వీపు రాసేది. ఆమె పేరు అడిగి రాసుకోలేదు. తిరిగి వెళ్ళినప్పుడు ఆ మంచం మీద వేరే ఆమె ఉంది.

నవంబరు 21న పెరటి తలుపు చప్పుడైంది. వెంకాయమ్మ. నా బోడితల చూసి ముఖం తిప్పుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకేం లేకపోవటం నీ పుణ్యం కాదక్కా."

"కాదు."

"ఉండుంటే?"

కొంగు తల మీదికి లాక్కున్నాను.

"బావగారి మొగం చూసి వచ్చా. నీ మొగం చూసి కాదు" అంది. గంజి కాచి, తాగిందాకా నిలబడి, గ్లాసు కడిగి వెళ్ళింది. మర్నాడూ వచ్చింది.

2022 ఫిబ్రవరిలో మల్లీశ్వరి వచ్చి, ఆనాడు రమ్మన్న ఏడుగురిలో మిగతా అయిదుగురి సంగతి ఏమైందో తెలియదు, మీరొస్తే ఇళ్ళకు వెళ్ళి అడుగుదాం అంది. వెంకాయమ్మ తనూ వస్తానంది. ఇద్దరు అప్పుడే వాళ్ళంతట వాళ్ళు వెళ్ళి చూపించుకున్నారు, క్షేమం. ఒకామె మాచర్లలో కూతురి దగ్గరుంది, ఫోనులో చెప్పాం. నాలుగో ఇంట్లో గోడ మీద ఫోటో ఉంది, దండ వేసి. కరోనాతోనా అని మల్లీశ్వరి అడిగింది. కాదు, ఒంట్లో ఏదో ఉందంట, తెలిసేటప్పటికే చానా ముదిరిందంట అన్నాడు ఆమె భర్త. ఆమె తన పేరు బస్సు వచ్చిన రోజున నన్ను అడిగి మరీ రాయించుకుంది, అక్షరం పోకుండా చూడండి టీచర్‌గారూ అని.

ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. ఇప్పటిదాకా మళ్ళీ కనబడలేదు. ఇకముందు సంగతి నాకు తెలియదు, తెలుసని చెప్పను. దీన్ని చదివే ఆడవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ తేదీని ఏది ఆపినా ఆపనివ్వండి. అది తొలగిన రోజున మాత్రం లేచి వెళ్ళండి. అక్కడినుంచి ఆపుతున్నది మీరే.

ఆ ఫిబ్రవరిలో మేం చివరగా వెళ్ళిన అయిదో ఇల్లు రమణమ్మది. పత్తి జిన్నింగు మిల్లులో పని. మేం వెళ్ళేసరికి కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. నేను గొంతు సవరించుకుని, పరీక్షల అవసరం గురించి మొదలుపెట్టాను. వెంకాయమ్మ నన్ను పక్కకు జరిపింది.

"అట్టా చెబితే ఎవురింటారక్కా, నువ్వుండు. ఇదిగో రమణమ్మా, మా అక్క పరీక్షకు పోకుండానే పోయానని నాకు చెప్పింది. ఏం లేదన్నారని చెప్పింది. నేను నమ్మి ఇంటో కూర్చున్నా. ఈవిడకి రొమ్ము తీసేశారు. నాది మామూలు గడ్డేలే అన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి నాకూ దండేసేవాళ్ళు. నువ్వు ఎవుర్నీ నమ్మమాక. పోయి చూపించుకో."

రమణమ్మ బూడిద చేతులతో అలాగే నన్ను చూసింది. ఆమె పెద్దకూతురు నా దగ్గరే చదివింది.

"నిజమేనా టీచర్‌గారూ?"

"నిజమే."

"మీకు నొప్పుండేదా అప్పుడు?"

"లేదు. ఏమాత్రం లేదు."

ఆమె కుళాయి కట్టేసింది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కాసేపు ఆ చేతుల్నే చూసుకుంది.

"గుంటూరు బస్సు పొద్దున ఎన్నింటికి?"

నేను నోరు తెరిచేలోపే వెంకాయమ్మ అందుకుంది.

"ఆరున్నరకి. ఈవిడ అయిదున్నరకే వచ్చి నిలబడమంటది. ఈవిడ మాట నమ్మమాక."